స్కేలు కోసం నిలబెట్టిన మనిషి

(ఫొటోగ్రఫీ అంటే ఇష్టమున్నవాళ్ల సమావేశంలో ఒక ఇంజినీరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. సరే.

నన్ను పిలిచినప్పుడు ఒక ప్రశ్న అడిగారు. "మీరు ఇంజినీరు కదా, ముప్పై నాలుగేళ్లు వంతెనలు తనిఖీ చేశారు కదా, వీధుల్లో మనుషుల ఫొటోలు తీసే పిచ్చి మీకెలా పట్టింది?" అని. చాలామంది ఇలాగే అడుగుతారు. ఇంజినీరుకి లెక్కలు, కొలతలు ఉంటాయి, ఫొటోలతో ఆయనకేం పని అన్నట్టు. నా విషయంలో ఒకదాంట్లోంచే ఇంకోటి పుట్టింది. అదెలాగో చెప్పడానికే వచ్చాను.

వంతెన తనిఖీ అంటే మీలో చాలామందికి తెలిసి ఉండదు. గర్డర్ల కింద, అంటే వంతెన దూలాల కింద, పియర్ల పక్కన, అంటే వాటిని మోసే స్తంభాల పక్కన, ఆ రెంటి మధ్య ఉండే బేరింగుల దగ్గర మెల్లగా నడుస్తూ పగుళ్లు వెతుకుతాం. పగులు కనిపిస్తే దాని పక్కన సుద్దతో గీత గీసి, తేదీ వేసి, వెడల్పు కొలుస్తాం. కొలవడానికి చిన్న కార్డు ఒకటి ఉంటుంది. దాని మీద సన్నటి గీత, కాస్త లావు గీత, ఇంకాస్త లావు గీత, ఇలా వరసగా ఉంటాయి. 0.1 మిల్లీమీటరు, 0.2, 0.3. కార్డుని పగులు పక్కన ఆనించి, ఏ గీతతో సరిపోయిందో చూసి రాసుకుంటాం. 0.3 దాటితే కాస్త గట్టిగా ఆలోచించాలి.

ఆ తర్వాత ఫొటో. దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి. దూరం నుంచి తీసినప్పుడు ఆ పియరు ఎంత ఎత్తుందో చూసేవాడికి తెలియాలి కదా? అందుకని పక్కన ఒక మనిషిని నిలబెడతాం. "స్కేలు కోసం" అంటాం. రిపోర్టులో ఆ మనిషి పేరు ఉండదు. మొహం కనిపించినా, కనిపించకపోయినా ఎవరికీ పట్టదు. దాదాపు అయిదున్నర అడుగుల కొలబద్ద, అంతే.

నా ఫొటోగ్రఫీ అంతా ఈ మాట దగ్గరే మొదలైంది. స్కేలు కోసం నిలబెట్టిన మనిషి.

మా టీమ్‌లో ఒక హెల్పర్ ఉండేవారు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను సారూ అనేవారు. ఎన్ని వంతెనల కింద, ఎన్ని పియర్ల పక్కన నిలబడ్డారో లెక్కలేదు. చెయ్యి పియరుకి ఆనించి, తల నిటారుగా పెట్టి, కెమెరా వైపు చూసేవారు. "అయిందా సారూ?" అనేవారు. "అయిందన్నా" అనేవాణ్ని. అంతే మా సంభాషణ.

ఒక రోజు నేను బటన్ నొక్కే క్షణంలో ఆయన పక్కకి తిరిగారు. దూరంగా దేన్నో చూస్తున్నారు. కళ్లు చిట్లించారు, నోరు కొంచెం తెరుచుకుంది, చెయ్యి మాత్రం పియరు మీదే ఉంది. ప్రింటు వచ్చాక చూశాను. పగులు స్పష్టంగా ఉంది. రిపోర్టుకి పనికొచ్చే ఫొటోనే. కానీ నేను పగులు వైపు చూడలేకపోయాను. ఈయన ఎవరు? దేన్ని చూస్తున్నారు? ఇన్నాళ్లుగా ఈయన మొహం నేను ఎప్పుడైనా చూశానా?

చూడలేదు. అది నన్ను చాలా రోజులు వదల్లేదు. మిల్లీమీటరులో పదో వంతు పగుళ్లు పట్టుకోగలను, రోజూ ఎదురుగా నిలబడే మనిషిని చూడలేదు. ఆ ప్రింటు ఇంకో కాపీ నా సొంత ఖర్చుతో వేయించుకున్నాను. నేను వీధి ఫొటోలు తియ్యడం మొదలుపెట్టింది ఆ వారమే.

ఎలా మొదలుపెట్టానంటే, రోల్‌లో 36 ఫ్రేములు ఉంటాయి. తనిఖీకి ముప్పై దాకా అయ్యేవి. మిగతావి ఖాళీగా ఉన్నా రోల్ కడగడానికి ఇచ్చేయాల్సిందే, రిపోర్టు ఆగదు కదా. ఆ మిగిలిన ఆరు ఫ్రేములు నావి. పై అధికారిని అడిగాను, ఎలాగూ వృథా అయ్యేవే కదా తీసుకో అన్నారు. వంతెన దిగి రోడ్డు మీదకి వచ్చి, ఆ ఆరూ తీసేవాణ్ని. ఆరంటే ఆరే. ఇప్పటి పిల్లలకి ఇది చెప్తే నవ్వుతారు గానీ, ఆ ఆరు ఫ్రేములు నాకు నేర్పినంత ఏ పుస్తకమూ నేర్పలేదు. ఆరే ఉన్నాయంటే, మనం చూడ్డానికే ఎక్కువ సమయం పెడతాం.

ఇక్కడ చిన్న చరిత్ర చెప్పాలి. విసుగు రాదు, వినండి.

1838లో పారిస్‌లో డగేర్ అనే ఆయన తన కిటికీలోంచి కింద రోడ్డుని ఫొటో తీశారు. బులవార్ ద్యు తాంప్ల్ ఆ రోడ్డు పేరు. బాగా రద్దీగా ఉండే రోడ్డు, బళ్లు, గుర్రాలు, జనం. ఫొటో చూస్తే రోడ్డు ఖాళీ! జనం ఏమైపోయారు? ఎవరైనా చెప్తారా? అవును, అమ్మాయి సరిగ్గా చెప్పింది. అప్పట్లో ఒక ఫొటోకి వెలుతురు నిమిషాల పాటు పడాలి. కదిలినవాళ్లెవరూ ప్లేటు మీద నిలవలేదు. బళ్లు పోయాయి, గుర్రాలు పోయాయి, నడిచినవాళ్లందరూ పోయారు. ఒక మూల మాత్రం ఒక మనిషి మిగిలాడు. బూటు పాలిష్ చేయించుకుంటూ కాలు ఎత్తి పెట్టి నిలబడ్డాడు. పాలిష్ చేసే మనిషి ఆకారం కూడా మసగ్గా ఉంది. ఫొటోలో పడిన మొదటి మనుషులు వీళ్లే అంటారు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు మా అన్న గుర్తొస్తారు. అంత పెద్ద రోడ్డు ఎంత పెద్దదో మనకి తెలిసేది ఆ మూలనున్న మనిషి వల్లే కదా? అక్కడ కూడా మనిషి స్కేలు కోసమే మిగిలినట్టుంది.

మరి నడిచే మనిషి ఫొటోలో నిలవడానికి ఎన్నాళ్లు పట్టింది? ఇక్కడ ఒక ఇంజినీరు వస్తారు. ఆస్కార్ బార్నాక్. ఈయన గురించి నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను, నాకు ఇష్టమైన మనిషి. జర్మనీలో వెట్జ్‌లార్ అనే ఊళ్లో లైట్జ్ అనే మైక్రోస్కోపుల కంపెనీలో పనిచేసేవారు. 1911లో చేరారు. ఫొటోలంటే ప్రాణం. కానీ ఉబ్బసం. అప్పటి కెమెరాలు ఎలా ఉండేవి? పెద్ద పెట్టె, గాజు ప్లేట్లు, స్టాండు. అవన్నీ మోసుకుని గుట్టలెక్కితే ఊపిరి అందేది కాదు. అప్పుడు ఆయన ఏం ఆలోచించారంటే, బరువు మొయ్యలేను కాబట్టి చిన్న నెగటివ్ తీసి, తర్వాత పెద్దది చేసుకుంటే సరిపోతుంది కదా అని. సినిమాలకి వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్ముని తీసుకున్నారు. సినిమా ఫ్రేము 18 ఇంటూ 24. దాన్ని రెట్టింపు చేసి, ఫిల్ముని అడ్డంగా నడిపించి, 24 ఇంటూ 36 చేశారు. 1914 నాటికి నమూనా కెమెరా తయారైంది. జేబులో పట్టేంతది.

యుద్ధం వచ్చింది, పని ఆగిపోయింది. 1920లో వెట్జ్‌లార్‌లోకి వరద నీళ్లొచ్చాయి. బార్నాక్ ఆ చిన్న కెమెరా పట్టుకుని నీళ్లు నిండిన వీధుల ఫొటోలు తీశారు. చూడండి, తను తయారుచేసిన యంత్రం పనిచేస్తోందో లేదో చూసుకోవాలంటే ఎక్కడికి వెళ్లారు? వీధిలోకి వెళ్లారు. 1925లో లైప్‌జిగ్ సంతలో ఆ కెమెరా లోకానికి కనిపించింది. లైకా. ఆ 24 ఇంటూ 36 కొలత ఈ రోజుకీ మారలేదు. ఇప్పుడు మీరు "ఫుల్ ఫ్రేమ్" అంటున్నారే, అది ఉబ్బసంతో బాధపడిన ఒక ఇంజినీరు తేల్చిన కొలత. ఇంజినీరుకి ఫొటోలతో ఏం పని అని ఎవరైనా అడిగితే నేను బార్నాక్ పేరు చెప్తాను. ఇంకా అడిగితే రఘు రాయ్ గారి పేరు చెప్తాను. ఆయన చదువుకున్నది సివిల్ ఇంజినీరింగే.

సరే, ఇప్పుడు కాసేపు లెక్కలు. నోట్సు రాసుకోకండి, ఊరికే వినండి.

మనిషి మామూలుగా గంటకి అయిదు కిలోమీటర్లు నడుస్తాడు. అంటే సెకనుకి 1.4 మీటర్లు. మీ ముందు మూడు మీటర్ల దూరంలో అడ్డంగా వెళ్తున్నాడనుకోండి, మీ కెమెరాకి 35 మిల్లీమీటర్ల లెన్సు ఉందనుకోండి. ఫిల్ము మీద అతని బొమ్మ సెకనుకి సుమారు 16 మిల్లీమీటర్లు కదులుతుంది. షట్టరు సెకనులో అరవయ్యో వంతు తెరిచారనుకోండి, ఆ కాసేపట్లో బొమ్మ పావు మిల్లీమీటరు పైన జరుగుతుంది. మసక వస్తుంది, మామూలు కంటికే తెలిసిపోతుంది. అదే అయిదువందలో వంతు తెరిస్తే? 0.03 మిల్లీమీటర్లు. సాధారణ సైజు ప్రింటులో మన కన్ను అది మసక అని పట్టుకోలేదు. లెన్సుల లెక్కల్లో పెట్టుకునే హద్దు కూడా ఈ చుట్టుపక్కలే ఉంటుంది.

0.03! మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. వంతెన మీద 0.3 అయితే గట్టిగా ఆలోచిస్తాం, ఇక్కడ దానిలో పదో వంతు. నేను రోజూ చేసే పనే ఇది! కొలత మారింది, అంతే.

రెండో లెక్క ఫోకస్‌ది. 35 లెన్సుకి వెలుతురు వచ్చే రంధ్రం ఎఫ్/8 పెట్టి (ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), దూరం అయిదు మీటర్లకి కాస్త పైన పెట్టి వదిలేస్తే, రెండున్నర మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. హైపర్‌ఫోకల్ డిస్టెన్స్ అంటారు దీన్ని. ఇక ఫోకస్ ముట్టుకోనక్కర్లేదు. ఎండ ఉంటే, వెలుతురుని త్వరగా పట్టే 400 స్పీడు ఫిల్ము వేస్తే, ఎఫ్/16కి షట్టరు సెకనులో అయిదువందలో వంతు. నీడలో నడిస్తే దాన్ని బట్టి తెరుచుకుంటూ పోవాలి. ఇవన్నీ ఇంటి దగ్గరే, గుమ్మం దాటకముందే పెట్టేసుకునేవాణ్ని. అరచేతికి ఎండ తగిలితే ఎంత, నీడ తగిలితే ఎంత అనేది వేళ్లకి తెలిసిపోయింది. కొన్నాళ్లకి కెమెరా వైపు చూడ్డమే మానేశాను.

ఎందుకు చెప్తున్నానంటే, చాలామంది కుర్రాళ్లు వీధిలోకి వెళ్లాక కెమెరాతో తంటాలు పడతారు. మెనూలు తిప్పుతుంటారు. ఈలోగా ఎదురుగా ఉన్న మనిషి వెళ్లిపోతాడు. లెక్కలన్నీ ముందే అయిపోవాలి బాబూ. వీధిలో మీ కళ్లు మనుషుల కోసం ఖాళీగా ఉండాలి.

లెక్కలన్నీ కుదిరాయి. మరి ఫొటోలు బాగా వచ్చాయా? రాలేదు. చాలా ఏళ్లు రాలేదు.

మా వృత్తిలో ఏదైనా విరిగితే ఊరుకోం. ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది అని రాస్తాం. ఆ అలవాటుతో ఒక నోటుబుక్కు పెట్టాను. తీసిన ఫొటోల కోసం కాదు, తప్పిపోయిన వాటి కోసం. రోల్ కడిగి, కాంటాక్ట్ షీట్, అంటే ఫ్రేములన్నీ చిన్నచిన్నగా ఒకే కాగితం మీద పడే ప్రింటు వేసుకుని, లూపు అనే చిన్న భూతద్దం పెట్టుకుని ఒక్కో ఫ్రేమూ చూసేవాణ్ని. ఇది ఎందుకు పాడైంది? ఆలస్యమా, ఫోకసా, వెలుతురా, చెయ్యి వణికిందా? పక్కన ఒక అక్షరం రాసేవాణ్ని. మొదట్లో తప్పంతా కెమెరాది, ఫిల్ముది అనుకునేవాణ్ని. మూడేళ్ల తర్వాత ఒక ఆదివారం కూర్చుని ఆ అక్షరాలన్నీ లెక్కపెట్టాను. ఫోకస్ తప్పులు తక్కువ. వెలుతురు తప్పులు ఇంకా తక్కువ. సగానికి పైగా ఒకటే అక్షరం. "దూ". దూరం.

అన్నీ దూరం నుంచి తీసినవే. ఎంత దూరమో కూడా లెక్క వేశాను. పది మీటర్ల నుంచి తీస్తే, మనిషి మొత్తం కలిపి ఫిల్ము మీద ఆరు మిల్లీమీటర్లు. మొహం? ఒక్క మిల్లీమీటరు కూడా లేదు. ఆ మిల్లీమీటరులో నవ్వెక్కడ పడుతుంది, దిగులెక్కడ పడుతుంది? వంతెన ఫొటోల్లో మా అన్న మొహం ఎంత ఉండేదో ఇక్కడా అంతే ఉంది. ఇంత చేసీ మనుషుల్ని మళ్లీ స్కేలు కోసమే నిలబెట్టాను నేను.

ఎందుకు దూరంగా ఉన్నాను? భయం. దగ్గరికెళ్తే ఏమంటారో అని. టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయేవి. లెన్సు మార్చి దూరం నుంచే పెద్దగా తీసుకోవచ్చు కదా అని కొందరు సలహా ఇచ్చారు. తీసి చూశాను. మొహం పెద్దదైంది, కానీ చాటు నుంచి చూస్తున్నట్టుంది. దగ్గర నిలబడితే వచ్చేది రాలేదు. చుట్టూ ఉన్న గోడ, పక్కనున్న మనిషి, కాళ్ల కింద నీడ, అవేవీ లేవు. అదే లెన్సుతో రెండున్నర మీటర్లకి వెళ్తే మనిషి నిలువెత్తునా ఫ్రేము నిండుతాడు. అంటే ఏడున్నర మీటర్లు ముందుకి నడవాలి. ఆ ఏడున్నర మీటర్లు నడవడానికి నాకు ఇంకో మూడేళ్లు పట్టింది. ఒట్టు.

ఎలా నడిచానంటే, వెంటపడ్డం మానేశాను. ఒక చోటు చూసుకుని నిలబడేవాణ్ని. మంచి వెలుతురు, వెనక మంచి గోడ, జనం దాటే చోటు. గంట, రెండు గంటలు. మెడలో కెమెరా అందరికీ కనిపించేలా ఉండేది. మొదటి పావుగంట అందరూ చూస్తారు. తర్వాత నేను కూడా ఆ గోడలో భాగం అయిపోతాను. అప్పుడు వాళ్లే నా దగ్గరికి, రెండున్నర మీటర్లకి వస్తారు. ఫ్రెంచి ఫొటోగ్రాఫరు కార్తియే బ్రెస్సోఁ 1932లో తీసిన ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. పారిస్‌లో సాఁ లజార్ స్టేషను వెనక, నీళ్ల మడుగు మీద ఒక మనిషి గెంతుతాడు, మడమ ఇంకా నీళ్లని తాకలేదు. కంచె చెక్కల సందులోంచి లెన్సు పెట్టి తీశారది. అందరూ ఆ గెంతు గురించే మాట్లాడతారు. నాకు ఆ మడుగు ముఖ్యం. మడుగు అక్కడే ఉంది, ఎవరో ఒకరు దాటక తప్పదు. చోటు దొరికితే సగం పనయినట్టే.

ఇప్పుడు ఒక కాంటాక్ట్ షీట్ గురించి చెప్తాను. తర్వాత తెర మీద చూపిస్తాను కూడా.

ఇద్దరు మనుషులు కొత్త ద్వారబంధం ఒకటి మోసుకుపోతున్నారు. చెక్కది, ఇంకా రంగు కూడా వెయ్యలేదు. ఫుట్‌పాత్ మధ్యలో అలసట తీర్చుకోవడానికి దించారు. పడుకోబెట్టలేదు, నిలువుగా నిలబెట్టి చెరో పక్కా పట్టుకున్నారు. ఫుట్‌పాత్ మధ్యలో ఒక గుమ్మం! గోడ లేదు, ఇల్లు లేదు, ఊరికే గుమ్మం. నాకు నాలుగు మీటర్ల దూరంలో.

పదకొండో ఫ్రేములో జనం పక్క నుంచి తిరిగి వెళ్తున్నారు. పన్నెండులో ఒకాయన చిరాకుగా చూస్తున్నాడు. పదమూడులో ఒక పెద్దావిడ వచ్చింది. పక్కకి తిరగలేదు. నేరుగా ఆ గుమ్మంలోంచే వచ్చింది. వస్తూ వస్తూ ఏం చేసిందో తెలుసా? తల వంచింది. పైన జానెడు ఖాళీ ఉంది, తగిలే ప్రసక్తే లేదు. అయినా వంచింది. గుమ్మం కనిపిస్తే ఆవిడ మెడ దానంతటదే వంగింది. పద్నాలుగో ఫ్రేము అది. కాలు కింది చెక్క మీదుగా గాల్లో ఉంది, తల వంగి ఉంది, చెయ్యి పక్క చెక్కని పట్టుకోబోతోంది. పదిహేను, పదహారు ఖాళీ. పదిహేడో ఫ్రేము రోల్‌లో ముందుకెళ్దామని ఊరికే నొక్కిందే అనుకున్నాను.

పద్నాలుగు ప్రింటు వేశాను. అందరికీ నచ్చింది. గుమ్మం, ఆవిడ మాత్రమే కనిపించేలా రెండు పక్కలా కత్తిరించి వేశాను. మోసినవాళ్లు అడ్డమనిపించి తీసేశాను. పద్దెనిమిదేళ్లు ఆ ఫొటో నా గోడ మీద ఉంది.

పద్దెనిమిదేళ్ల తర్వాత పాత షీట్లు సర్దుతుంటే లూపు పదిహేడు మీద ఆగింది. ఏముంది అందులో? మోసినవాళ్లలో ఒకతను, మళ్లీ ఎత్తుకునేముందు, తనే ఆ గుమ్మంలోంచి దాటుతున్నాడు. భుజం మీద తువ్వాలు మడత ఉంది, అరచేతి నిండా చెక్క అంచు ఎర్రటి గాడిలా పడి ఉంటుంది, నలుపు తెలుపులో నల్లగా కనిపిస్తోంది. రెండో అతను పూర్తి బరువు ఒక్కడే పట్టుకుని నవ్వుతున్నాడు. దాటే అతను తల వంచలేదు. నిటారుగా, ఛాతీ ముందుకి పెట్టి, సొంత ఇంట్లోకి వెళ్తున్నట్టు దాటాడు.

నేను నేల మీద కూర్చుండిపోయాను. పద్దెనిమిదేళ్లు! గుమ్మం మోసిన మనుషుల్ని నేను కత్తెరతో తీసేశాను. వాళ్లు నాకు గుమ్మం నిలబెట్టే స్టాండులా కనిపించారు. మళ్లీ అదే తప్పు. ఇప్పుడు మా గోడ మీద పదిహేడే ఉంది, కత్తిరించకుండా.

గ్యారీ వినోగ్రాండ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు తీసిన రోల్స్‌ని వెంటనే కడిగేవారు కాదట. తీసినప్పటి ఉత్సాహం చల్లారాక చూడాలని ఆగేవారు. 1984లో ఆయన పోయేనాటికి కడగని రోల్స్ దాదాపు 2,500 ఉన్నాయి. అంత ఆగమని నేను చెప్పను. కానీ పాత షీట్లని మళ్లీ చూడండి. అయిదేళ్లకోసారి చూడండి. పిల్లలూ, ఫోన్లో తీసినవి సాయంత్రానికే డిలీట్ చేసేస్తారు మీరు. చెయ్యకండి. పనికిరాదని మీకు ఇవాళ అనిపించిన ఫ్రేములో ఎవరున్నారో మీకింకా తెలియదు.

డిజిటలా ఫిల్మా అని అడుగుతారు, దాని మీద ఎక్కువ మాట్లాడను. రెండూ వాడాను, రెండూ బాగున్నాయి. ఫిల్మ్ ఉన్నవాళ్లకి ఒకటే మాట. నెగటివ్‌లు చల్లగా, పొడిగా ఉండే చోట పెట్టండి. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఫిల్ము బేసు పాడవుతోందని అర్థం, వెంటనే వేరు చేసి స్కాన్ చేయించండి. కవరు మీద తేదీ, చోటు రాయండి. వివియన్ మేయర్ గారు షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేస్తూ లక్షకు పైగా ఫొటోలు తీశారు, దాదాపు ఎవరికీ చూపించలేదు. అద్దె కట్టని గోడౌన్ లాకర్లలోని సామాన్లు 2007లో వేలం వేస్తే అవి బయటపడ్డాయి. 2009లో ఆవిడ పోయారు, పేరు వచ్చింది ఆ తర్వాతే. అంత గొప్ప పని ఎవరి చేతిలో పడుతుందో తెలియకుండా పెట్టెల్లో ఉండిపోయింది. నాకు తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఇంకో విషయం. ఇది కష్టమైన విషయం, కానీ దాటెయ్యలేను. అడక్కుండా ఫొటో తియ్యొచ్చా?

చట్టం ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంది, అది తెలుసుకుని తీరాలి. నేను చట్టం దాటాక వచ్చేదాని గురించి చెప్తున్నాను. వాకర్ ఎవాన్స్ అనే గొప్ప ఫొటోగ్రాఫరు 1938 నుంచి 1941 దాకా న్యూయార్కు భూగర్భ రైళ్లలో కోటు లోపల కెమెరా దాచి ఎదుటి సీట్లవాళ్ల ఫొటోలు తీశారు. వాటిని పుస్తకంగా వెయ్యడానికి 1966 దాకా ఆగారు. గొప్ప ఫొటోలే, ఆ మొహాలు మర్చిపోలేం. కానీ నేను కెమెరా దాచను. దాచినప్పుడు ఎదుటి మనిషికి వద్దనే అవకాశం ఉండదు. కనిపించేలా పెట్టుకుంటే ఒక చెయ్యి అడ్డం పెట్టొచ్చు, మొహం తిప్పుకోవచ్చు, వచ్చి అడగొచ్చు. అడిగినవాళ్లకి చూపించాను, తీసెయ్యమంటే తీసేశాను.

ఒకసారి తప్పు చేశాను. మెట్ల మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. చెప్పులు పక్కన జతగా పెట్టుకున్నాడు, చేతిలో మడతపెట్టిన కాగితం. భుజాలు కదులుతున్నాయి. వెలుతురు అద్భుతంగా ఉంది. రెండు మీటర్లకి వెళ్లి తీశాను, నాకు దగ్గరికి వెళ్లడం వచ్చేసింది కదా అప్పటికి. చప్పుడుకి తలెత్తాడు. ఏమీ అనలేదు. నా వైపు చూశాడు, మళ్లీ తల దించుకున్నాడు. అంతే. తిట్టినా బాగుండేది. నేను పక్కన కూర్చోలేదు, ఏమైందని అడగలేదు. వచ్చేశాను. ఆ నెగటివ్ ప్రింటు వెయ్యలేదు. ఎంత బాగుంటుందో నాకు తెలుసు, వెయ్యను.

ఆ రోజు నుంచి నాకొక పద్ధతి ఉంది. బటన్ నొక్కబోయే ముందు ఒకటే అనుకుంటాను. ఈ ప్రింటు తీసుకెళ్లి ఈ మనిషి చేతిలో పెట్టగలనా? పెట్టి, ఎదురుగా నిలబడగలనా? పెట్టగలను అనిపిస్తే నొక్కుతాను.

అలా అనుకోవడం మొదలుపెట్టాక నాకొకటి తట్టింది. మొట్టమొదటి ప్రింటు ఎవరి చేతిలోనూ పెట్టలేదు కదా నేను?

మా అన్న అప్పటికి రిటైరై చాలా ఏళ్లయింది. ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. చూపు తగ్గింది, మనిషి సన్నబడ్డారు, నన్ను గొంతుతో గుర్తుపట్టారు. "సారూ, ఏ వంతెన?" అన్నారు మొదటి మాటగా. ప్రింటు చేతికిచ్చాను. పియరు పక్కన, పక్కకి తిరిగి దేన్నో చూస్తున్న ఆ ఫొటో. ఇన్నేళ్లుగా నాకు ఒకటే ప్రశ్న. అడిగాను. "అన్నా, ఆ రోజు దేన్ని చూస్తున్నావు?"

ఆయన ప్రింటు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచారు. కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. నా ప్రశ్న వినలేదేమో అనుకున్నాను. వేలు తీసుకెళ్లి ఫొటోలో చొక్కా జేబు మీద పెట్టారు. "ఇది ఊడిపోతే మా ఆవిడ కుట్టింది సారూ. ఆ రంగు దారం లేదని తెల్ల దారంతో కుట్టింది. నేను కోప్పడ్డాను" అన్నారు. ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్లట. ఆ వేలు ఆ జేబు మీదే ఉంది. దేన్ని చూస్తున్నారో ఆయనకి గుర్తులేదు. నేను మళ్లీ అడగలేదు.

ఇంటికొచ్చి నెగటివ్ తీసి లూపు పెట్టాను. ఆ ఫొటో నేను ఎన్నిసార్లు చూశానో, ఎన్నిసార్లు ప్రింటు వేశానో చెప్పలేను. జేబు అంచున, వరసగా, కొంచెం వంకరగా, తెల్లటి కుట్లు. ఏడు ఉన్నాయి.

లైట్లు కాస్త తగ్గిస్తారా? ఆ ప్రొజెక్టరు ఆన్ చెయ్యండి బాబూ. మొదటి ఫొటో అదే.